మూగదూత హాజరు

ఆ పొద్దున కూడా వైదేహి కళ్లు తెరిచేసరికి ఆమె మూగదూత నీళ్లవాకిలి, ఆఫీసువాకిలి, సంగీతవాకిలి అన్నీ తిరిగి వచ్చేసింది. ఆ కాలంలో నెట్టు మీది వాకిలి తట్టి, పేరూ సంకేతపదమూ చెప్పుకోనిదే కుళాయిలో చుక్క పడదు. రోజూ అన్ని గడపలు తొక్కే ఓపిక ఎవరికుంది? అందుకే ఎక్కడో సర్వర్లో కూర్చుని మనిషికి బదులు తలుపు తట్టే మూగదూతలు వచ్చాయి. వాటికి ఒకటే లోపం. పేజీలోని రాత చదవగలవు గాని, పేజీని ఆడించి పాడించే జీవలిపిని, పూర్వం జావాస్క్రిప్ట్ అన్నదాన్ని, నడపలేవు.

గురువు కామేశ్వరిగారి సంగీతవాకిలికి ప్రాణం ఆ జీవలిపే. ఆవిడ గొంతు ఒక పంక్తి పాడుతుంది, శిష్యురాలు తిరిగి పాడితే తలుపు తీస్తుంది. గురువు నోట విన్నదే పాఠమని ఆవిడ పట్టు. కాబట్టి ఏరోజు పంక్తి ఆరోజుకే, విన్నట్టు జవాబు అందగానే చెరిగిపోతుంది. దూతలు తయారుచెయ్యడంలో చెయ్యి తిరిగిన వైదేహి మొదటిరోజు తనే పాడి, గుట్టు కనిపెట్టింది. ఎంత పాడినా చివరికి సర్వర్‌కు చేరేది ‘విన్నాను’ అనే చిన్న జవాబే. పాడించింది చూస్తే, తనకెప్పుడో వచ్చిన సరళీస్వరం. రోజూ ఇదే కాబోలనుకుని, జీవలిపి జోలికి పోకుండా ఆ జవాబొక్కటే పంపడం మూగదూతకు నేర్పింది. ఆనాటినుంచి ఆమె హాజరులో ఒక్క నాగా లేదు.

అటువంటిది, గురువుగారి కొత్త కృతి సభలో తోటి శిష్యురాలు తన్మయి పాడుతుందని ఆ పొద్దున కబురు. వైదేహికి కడుపు మండిపోయింది. పిల్లాడికి జ్వరమనీ, కరెంటు లేదనీ అస్తమానం నాగాలు పెట్టే మనిషికా? కాఫీ చల్లారిపోయినా ముట్టలేదు. ఆ సభలో తన్మయికి గొంతు పట్టెయ్యాలని కూడా మనసారా కోరుకుంది.

అంతలో తన్మయే శ్రుతిపెట్టె పట్టుకుని వచ్చింది. వైదేహి ముభావంగా కుర్చీ చూపించింది.

గొంతుకు ఆపరేషనైన కామేశ్వరిగారు ఇక పాడలేరని తన్మయి చెప్పింది. ఆ సంగతి ముందే తెలిసి, ఆవిడ కృతినంతా రోజుకో పంక్తిగా వాకిట్లోనే ఇద్దరికీ పాఠం చెప్పేశారట.

“‘నువ్వు పాడు, తప్పిన పంక్తులు వైదేహి చెబుతుంది, పాఠమంతా దాని దగ్గరే ఉంది’ అన్నారక్కా గురువుగారు,” అంది తన్మయి. “నిజం చెప్పొద్దూ, ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. నీ హాజరు చూసి ఎన్నిసార్లు కుళ్లుకున్నానో. నేను మానేసిన రోజులవన్నీ నాకు పోయాయి. నీకు ఒక్కటీ పోలేదు.”

తన్మయి శ్రుతిపెట్టె మీట నొక్కింది. కళ్లు మూసుకుని పల్లవి అందుకుంది. వైదేహి ఎన్నడూ వినని పాట అది. ఆ అసూయలోనూ ఆమెకు ఒళ్లు జలదరించింది. అనుపల్లవి సగంలో తన్మయి ఆగి, కళ్లు తెరిచింది.

“ఇక్కణ్ణుంచి నువ్వే చెప్పాలక్కా.”

శ్రుతి మోగుతూనే ఉంది. వైదేహి నోరు తెరిచింది. ఆమె దగ్గరున్నది మొదటిరోజు సరళీస్వరం ఒక్కటే.