డెమో క్లాసు రోబో

అమీర్‌పేటలో రోబోల పని నేర్పే మా ఇన్‌స్టిట్యూట్ సెల్లార్‌లో ఉంటుంది. కిటికీలు లేవు. ఆ సాయంత్రం బయట వాన. లోపల తడి గోడల వాసన, వేడెక్కిన మోటారు వాసన.

నేను అక్కడ అటెండర్ని. పేరు యాకూబ్. పదేళ్లలో ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదు. ఎవరినైనా సరే, తప్పు చేస్తే మొహం మీదే అనేవాణ్ణి.

గది మధ్యలో రోబో చెయ్యి, దాని చుట్టూ నేల మీద ఎవరూ దాటకూడని గీత ఉన్నాయి. చెయ్యికి కెమెరా ఉంది. దారిలో మనిషి నిలబడితే అది నెమ్మదించి, అప్పటికప్పుడు వంగి, పక్కనుంచి పోతుంది. పోయిన నెల అదే చెయ్యి మెకానిక్ ఓదెలు తలకు కొట్టింది. అతను బతకలేదు.

"తాగొచ్చి గీత దాటాడు భాయ్. మీరు కళ్ళారా చూశానని రాయండి," అన్నాడు క్లాసులు చెప్పే కేదార్ సార్. తాగుడంటే నాకు అసహ్యం. నేను చూడకపోయినా, చదువుకున్నవాడి మాట నమ్మి రాసి సంతకం పెట్టాను. ఆ కాగితాన్ని ఓదెలు భార్య రవళికి చదివి వినిపించారు.

ఆ సాయంత్రం సార్ డెమో క్లాసుకు చెయ్యిని సిద్ధం చేస్తున్నాడు. అది ఒక స్టీలు గ్లాసును ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి మార్చాలి. మధ్యలో ఎవరూ లేరు. చెయ్యి సగం దూరం పోయింది... నెమ్మదించింది... దేన్నో తప్పించుకుని వంగింది.

"ఏంటి భాయ్, కెమెరా తుడిచారా, చూసి వదిలేశారా?"

మళ్ళీ తుడిచాను. ఈసారి అడుగు ఇవతల వంగింది. మూడోసారి ఇంకో అడుగు... మా వైపు.

"ఆ రోజులాగే కెమెరా ఆపేస్తే పోద్ది," అని గొణిగాడు సార్.

తుడిచే గుడ్డ కింద పెట్టాను. "ఏ రోజు సార్? ఓదెలు పోయిన రోజా?"

"డెమోలో చెయ్యి మెల్లగా తిరిగితే పిల్లలు నవ్వుకుని పక్క సందు ఇన్‌స్టిట్యూట్‌లో చేరతారు. స్పీడు కోసం ఆపాను."

"తాగిండని నాతోని రాయించినవ్ కద సార్!"

"మెల్లగా! చూశానని రాసింది మీరు. ఇప్పుడు మాట మారిస్తే మిమ్మల్ని మనిషిగా లెక్కేస్తారా?"

"లెక్కెయ్యకున్నా మంచిదే. రవళి కాడికి పోతున్న."

తలుపు రోబోకు అవతల ఉంది. కెమెరా పనిచేస్తోంది కదా, నన్ను చూసి వంగుతుందని అడుగు వేశాను.

వంగలేదు. నెమ్మదించలేదు. గ్లాసు నా చెవిని రాసుకుంటూ పోయింది.

"భాయ్..." సార్ గొంతు పీలగా వచ్చింది. కంప్యూటర్ తెర చూపించాడు. గదిలో ఎక్కడ మనిషి ఉంటే అక్కడ ఆ తెర మీద పచ్చ గీతల చట్రం పడుతుంది.

రెండు చట్రాలున్నాయి. ఒకటి సార్ చుట్టూ. రెండోది ఆయన పక్కనే, భుజానికి భుజం ఆనించి... ఖాళీ చోట.

నా చుట్టూ ఏమీ లేదు.