మూడు నెలల సూది

బోధన్‌లో ఇంకా ఎండ ముదరలేదు. వెంకటవ్వ వాకిట్లో చాట ముందేసుకుని, తడిపిన తునికాకును కత్తిరిస్తోంది. చేతులు బీడీల మీద ఉన్నా కళ్ళు కోడలి మీదే ఉన్నాయి. నిఖిత నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని, విసురుగా నడుస్తూ లోపలికి పోయింది.

కడుపుతో ఉన్న పిల్ల అట్లా నడవదు.

కొన్ని నెలల కింద వెంకటవ్వకు ఎంత సంబరమో. ఆ ఇంట్లో ఆడవాళ్ళు నెలకు మూడు రోజులు దేవుడి దగ్గరికి పోరు. నిఖిత మాత్రం ఒక్క రోజు కూడా తప్పకుండా దీపం పెడుతూ వచ్చింది. నెల తప్పిందని, మనవరాలు వినీత మీద ఇప్పుడొక మనవడు వస్తాడని వెంకటవ్వ లోలోపలే మురిసిపోయింది. తనే చెబుతుందిలే అని ఊరుకుంది. కోడలు చెప్పలేదు. వాంతులు లేవు, పులుపు మీద మనసు పోలేదు. కడుపు చూస్తే ఎప్పటిలాగే ఉంది. సంబరం మెల్లగా అనుమానమైంది. దాస్తోందా? లేక ఎవరికీ తెలియకుండా తీయించుకుందా?

"అత్తమ్మా, రేపు బుధవారం. పిల్లకు టీకా ఉన్నది, దవాఖానకు పోయొస్త," అంది నిఖిత, బయటకు వస్తూ.

"మళ్ళ టీకానా?"

"ఆఁ."

మూడు నెలల కింద కూడా ఇదే మాట. ఆ రోజు వినీత ఏడ్పు లేకుండా నవ్వుకుంటూ తిరిగొచ్చింది. పిల్ల ఒంటి మీద సూది గుర్తన్నదే లేదు. నిఖితే రెండు రోజులు ఎడమ చెయ్యి ఎత్తలేకపోయింది. అది గుర్తుకొచ్చాక వెంకటవ్వ చేతిలోని ఆకు కదల్లేదు.

కోడలు బీడీల కట్టలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోగానే వెంకటవ్వ లోపలికి వెళ్ళి ఆమె పెట్టె తెరిచింది. అది తప్పని తెలుసు. అయినా చెయ్యి ఆగలేదు. పెళ్ళి చీర మడతల్లో ఒక అట్ట కార్డు దొరికింది. ఆమెకు చదువు రాదు. కానీ పైనున్న మూడు సింహాల ముద్రను గుర్తుపట్టింది. అట్లాంటి ముద్ర ఉన్న కాగితంతోనే ముప్పై ఏళ్ళ కింద ఆమె చెల్లెలు లసుమవ్వ జీపు ఎక్కింది.

మధ్యాహ్నం కొడుకు మహేందర్ ఆటో ఆపి అన్నానికి వచ్చాడు. కోటగిరి దారిలో రెండు ట్రిప్పులు తిప్పి అలసిపోయి ఉన్నాడు. వెంకటవ్వ అతని కంచం పక్కన కార్డు పెట్టింది.

"గిదేందో జర చదువు."

మహేందర్ ఎడమ చేత్తో కార్డు అందుకున్నాడు. చదువుతుంటే ముఖం మారిపోయింది.

"పిల్లలు కాకుంట ఏసే సూది. మూడు నెలలకొకటి. ఇప్పటికి మూడైనయ్." భార్య వైపు తిరిగాడు. "ఎవల్ని అడిగి ఏస్కున్నవ్?"

అప్పటికే కార్ఖానా నుంచి వచ్చి పొయ్యి దగ్గరున్న నిఖిత గరిటె కింద పెట్టింది. "ఎవల్ని అడగలే."

"నాకన్న చెప్పొద్దా?"

"చెప్తే ఏమంటవ్? అవ్వనడుగుత అంటవ్. అత్తమ్మ, మనవడు పుట్టినంక సూద్దాం అంటది. వినీత పుట్టినప్పుడు నాకు రెండు సీసల రక్తం ఎక్కిచ్చిండ్రు. మూడేండ్లు ఆగాలెనని డాక్టరమ్మ నీ ముంగటనే చెప్పింది. ఇంటికొచ్చినంక ఒక్కనాడన్న గా మాట ఎత్తినవా?"

మహేందర్ తల దించుకుని అన్నంలో వేళ్ళు తిప్పాడు.

"నాతోని అబద్ధమెందుకాడినవ్?" అంది వెంకటవ్వ. "టీకా అని పిల్లను సంకనేస్కొని పోయినవ్. నీ కడుపుల కాయ ఉన్నదని నేను దేవునికి మొక్కుకుంట కూసున్న."

"తప్పే అత్తమ్మా. భయానికి ఆడిన."

"పైసలెవలిచ్చిండ్రు?"

"పైసలు లేవు. సర్కార్ దవాఖానల ఊకెనే ఏస్తరు."

ఆ మాటతో వెంకటవ్వ గొంతు లేచింది. "అదే అడుగుతున్న. మోకాళ్ళ గోలీలకు పొద్దంత లైన్ల నిలబెడతరు, ఆఖరికి అయిపోయినయ్ అంటరు. గిది మాత్రం ఫుకట్‌ల ఎందుకిస్తున్నరు? గరీబోళ్ళ కడుపుల మీదనే వాళ్ళకు గంత ప్రేమేంది? నా చెల్లెకు గూడ ఊకెనే చేస్తమన్నరు. ఆపరేషన్ క్యాంపుకు తీస్కపోయి, బండల మీద వరుసగ పండవెట్టిండ్రు. ఇంటికి తెచ్చిన తొమ్మిదో దినం పానం పోయింది. మళ్ళ ఒక్కడు ఇంటి మొఖం సూడలే."

లసుమవ్వ పేరు ఆ ఇంట్లో అందరూ విన్నదే. ఎట్లా పోయిందో మాత్రం ఆమె ఎన్నడూ ఇంత వివరంగా చెప్పలేదు. నిఖిత దగ్గరికి వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది.

"గీ సూది బయట కొనాల్నంటే ఆయన్ని అడగాలె, నిన్ను అడగాలె. నా బీడీల పైసలు గూడ నీ చేతికే వస్తయ్. ఊకెనే ఇస్తున్నరు కాబట్టే నేను ఒక్కదాన్నే పోగలిగిన. నా అంతట నేను పోయిన అత్తమ్మా, నన్నెవలు తీస్కపోలే." కొంచెం ఆగి నెమ్మదిగా అడిగింది. "చిన్నత్తమ్మను ఎవలన్న అడిగిండ్రా, నీకిష్టమేనా అని?"

వెంకటవ్వ లేచి వాకిట్లోకి పోయి చాట ముందు కూర్చుంది. సాయంత్రం దాకా ఒక్క బీడీ చుట్టలేదు. మహేందర్ కూడా మళ్ళీ ఆటో తీయలేదు. లోపల మొగుడూ పెళ్ళాలు తక్కువ గొంతుతో మాట్లాడుకుంటుంటే వినబడీ వినబడనట్టు ఉంది. వాళ్ళు బయటకు వచ్చేసరికి వెంకటవ్వ ఒకటే మాట అంది.

"రేపు నేను గూడ వస్త. నేను అడిగేటియి ఉన్నయ్."

మర్నాడు మహేందరే ముగ్గురినీ ఆటోలో తీసుకుపోయి, వినీతను ఎత్తుకుని దవాఖాన బయట నిలబడ్డాడు. లోపల నర్సు శారమ్మ. తల నెరిసిన మనిషి, వాడకంతా తెలిసిన మనిషి. ఆమె సూది తీయకముందే వెంకటవ్వ మొదలుపెట్టింది. అందులో ఏముంది, నెలసరి ఎందుకు ఆగింది, మళ్ళీ పిల్లలు అవుతారా, ఏమన్నా అయితే ఎవరిని పట్టుకోవాలి. శారమ్మ విసుక్కోకుండా ఒక్కొక్కటే చెప్పింది.

"గీ మందుకు కొంతమందికి ముట్టు ఆగిపోతది, కొంతమందికి లెక్క తప్పుతది. ఆపినంక మళ్ళ కడుపు నిలుస్తది, కాని జర టైం పడతది అవ్వా. ఏడెనిమిది నెలలు, ఇంక ఎక్కువ గూడ కావచ్చు. ఏమన్న తేడా అయితే నా దగ్గరికే రా, నేనీడనే ఉంట."

"ఫుకట్‌ల ఎందుకిస్తున్నరు?"

శారమ్మ ఆమె వైపు కుర్చీ జరుపుకుంది. "నీ అనుమానం ఉత్తది కాదు. నేను కొత్తగ చేరినప్పుడు ఆపరేషన్లకు గింతమందిని తేవాలెనని మాకు లెక్క పెడుతుండ్రి. లెక్క కోసం తెచ్చినోళ్ళకు ఏం చెప్పినమో, ఏం చెప్పలేదో నాకెరుకే. అందుకే నువ్వు అడుగు. నీ అసొంటి అడిగేటోళ్ళు ఉండాలె."

బీపీ చూసి, తలనొప్పి ఉందా అని కనుక్కుని, శారమ్మ నిఖిత వైపు తిరిగింది.

"నీకిష్టమేనా బిడ్డా? వద్దనిపిస్తే గిప్పుడే ఆపొచ్చు."

నిఖిత అలవాటుగా అత్త ముఖం వైపు చూసింది.

"నన్నేం సూస్తవ్," అంది వెంకటవ్వ. "అడిగేది నిన్ను."

"ఇష్టమే సిస్టర్," అంది నిఖిత.

సూది పడ్డాక ఇద్దరూ వరండాలో బల్ల మీద కూర్చున్నారు. వెంకటవ్వ చెంగుతో ముఖం కప్పుకుంది. భుజాలు కదులుతుంటే నిఖిత కంగారుగా దగ్గరికి జరిగింది.

"నాకు కొత్త మందు కాదు కదా అత్తమ్మా, దీంతోని నాలుగైనయ్. ఏం కాదు."

"దానికి కాదే." చాలాసేపటికి వెంకటవ్వ చెంగు తీసింది. "నిన్న అడిగినవ్ కద, లసుమను ఎవలన్న అడిగిండ్రా అని. అది తలుపు చెక్క పట్టుకొని రానన్నది. దాని అత్త పంపియ్యమన్నదని, అందరు చేయించుకుంటుండ్రు నీకేమైతదని, నేనే దాని వేళ్ళు ఇడిపిచ్చిన. జీపుల నా పక్కనే కూసుండవెట్టుకున్న. ఇన్నేండ్లు సర్కారే చంపింది, సర్కారే చంపింది అనుకుంట తిరిగిన. వేళ్ళు ఇడిపిచ్చింది నేనని ఎవలకు చెప్పలే."

నిఖిత నొప్పిగా ఉన్న చెయ్యి మెల్లగా ఎత్తి అత్త భుజం చుట్టూ వేసింది. ముప్పై ఏళ్ళుగా లోపలే ఆగిపోయిన ఏడుపు అప్పుడు బయటకు వచ్చింది. లైన్లో నిలబడ్డ ఆడవాళ్ళు తిరిగి చూస్తున్నా వెంకటవ్వ ముఖం దాచుకోలేదు.