బిగించిన మూత

"కూర్చో, పిచ్చుకా. టైము లేదు," అన్నాడు గూఢచారి విభాగం చీఫ్. అక్కడ అందరివీ పక్షుల మారుపేర్లే.

ఆమె కూర్చోలేదు. బ్రీఫింగ్ నిలబడే వింది. ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారుచేసే ఎంజైమ్ అరోమటేజ్. కొందరిలో దాని జీన్ మ్యుటేషన్ చెంది, హార్మోన్ అదుపు తప్పి, రొమ్ములో కణితికి మేతవుతుంది. అలాంటి కణితి ముక్కలు ల్యాబ్ ఫ్రీజర్లో ఉన్నాయి. ఎవరికి ఏ మందు పనిచేస్తుందో వాటిని పరీక్షిస్తేనే తేలుతుంది. ఆ మందు తమ గుప్పిట్లోనే ఉండాలని ఒక విదేశీ ముఠా వాటిపై కన్నేసింది.

"మీ అక్క శాంపిల్ కూడా అందులోనే ఉంది. నిజానికి నిన్ను పంపకూడదు. కానీ ల్యాబ్ పని తెలిసింది నీకే."

ఆపరేషన్లో తీసిన ముక్క అదొక్కటే. మళ్లీ దొరకదు.

తెల్లకోటు వేసుకుని ల్యాబ్‌లో చేరిన మర్నాటి నుంచి పిచ్చుకకు కాలు ఒక్కచోట నిలవలేదు. ఎవరు ఫ్రీజర్ తలుపు తీసినా మెడ తిరిగేది. ఒక మధ్యాహ్నం ఫ్రీజర్లో శాంపిళ్ల అర ఖాళీగా కనిపించింది. కారిడార్లోకి పరుగెత్తితే నెమలి ఎదురైంది. ముఠాలో మనవాళ్లు నాటిన మనిషి, ఖరీదైన చీర, అంతకంటే ఖరీదైన నవ్వు.

"ఎండ మండిపోతోంది," అంది నెమలి.

"గొడుగు ఇంట్లో మరిచాను."

కోడ్ సరిపోయింది. దొంగ ముందు గేటు దాటాడని, బూడిదరంగు కారని, త్వరగా వెళ్లమని తొందరపెట్టింది నెమలి. పిచ్చుక రెండడుగులు వేసింది. వెనకాల నెమలి హ్యాండ్‌బ్యాగ్ లోంచి ప్లాస్టిక్ కిర్రుమంది. లోపలి గ్యాసుకి ఉబ్బే ఫ్లాస్కు చప్పుడు అది.

పిచ్చుక ఆగింది. "డ్రై ఐస్ ఫ్లాస్కుకి మూత బిగించావా?"

నెమలి చేతిలోకి లిప్‌స్టిక్ వచ్చింది. నొక్కితే దాని కొసలోంచి మత్తు సూది దూసుకొస్తుంది. "చల్లదనం పోకూడదు కదమ్మా."

"ల్యాబ్‌లో మూత వదులుగా పెడతారు. ఆ ఐసు గ్యాసవుతుంది. దారి లేకపోతే పేలుతుంది. నన్ను కాల్చు, తర్వాత ఆ మూత నువ్వే తీసుకో."

బ్యాగ్ మళ్లీ కిర్రుమంది. నెమలి దాన్ని పామును పట్టుకున్నట్టు దూరంగా చాచింది, విసిరేసింది. లిప్‌స్టిక్ గురి తప్పి సూది గోడకు గుచ్చుకుంది. పిచ్చుక బ్యాగ్‌ను గాల్లోనే అందుకుని, వాచీ బటన్ నొక్కి తలుపులన్నీ మూయించి, ఉబ్బిన ఫ్లాస్కును మొహానికి దూరంగా తిప్పి మూత వదులు చేసింది. బుస్సుమని తెల్లటి పొగ. అడుగున ట్యూబులు చెక్కుచెదరలేదు. అక్క పేరున్నది కూడా.

గార్డులు నెమలిని తీసుకెళ్తుండగా ఫోన్ మోగింది.

"ఏమే, పొద్దున్నించీ ఎత్తవు. ఏం వెలగబెడుతున్నావ్?" అంది అక్క.

"ఒక డబ్బా మూత తీశానక్కా."

"దానికి కూడా జీతమిస్తారా?"