జమ్మి మలుపులో పడున్న బండి

వహీబా ఇసకల ఎడారి అంచున, వాగు వంకర తిరిగే చోట మూడు జమ్మి చెట్లున్నాయి. వాటి కింద, మూతి పైకెత్తి, వెనక భాగం ఇసకలో కూరుకుపోయి ఒక పాత పికప్పు బండి పడుంది. ఆ చోటు పేరు ఎవరూ ఎత్తరు. మరీ అవసరం పడితే "అదే... ఆ మలుపు" అని గొంతు తగ్గించి చెబుతారు.

రాత్రి నమాజు అయ్యాక మనిషన్నవాడు అటు వెళ్ళడు. వెళ్ళినవాళ్ళు తలో మాట చెబుతారు. తప్పిపోయిన మేకల్ని వెతుక్కుంటూ పోయినవాడికి నేలకి జానెడెత్తున ఒక ఎర్రటి కన్ను కనిపించిందట. ఇంకొకడికి ఇనుము మీద ఎవరో కొడుతున్న చప్పుడు వినిపించిందట — ఠక్... ఠక్... కాసేపాగి మళ్ళీ ఠక్. అక్కడ టైరు పంక్చరైన డ్రైవరొకడు జాకీ వదిలేసి మూడు చక్రాల మీదే ఊళ్ళోకొచ్చి పడ్డాడంటారు. మూడు చక్రాల సంగతి నేను నమ్మను. జాకీ వదిలేసిన మాట మాత్రం నిజం, దాన్ని తెచ్చుకోవడానికి వాడు పగలు కూడా వెళ్ళలేదు.

ఆ చెడ్డపేరు వల్ల బండికి ఒక మేలు జరిగింది. ఆ వైపు దిక్కులేని పికప్పు కనిపిస్తే వారం తిరిగేసరికి అద్దాలు ఒకడింటికి, గేరుపెట్టె ఇంకొకడి షెడ్డుకి చేరిపోతాయి. ఆ పాత మోడలు సామాను ఇప్పుడు బంగారం కిందే లెక్క. అలాంటిది ఈ బండి నుంచి ఒక్క నట్టు కూడా పోలేదు.

బండి ముసల్లంది. ముసల్లం, సువైలిం అన్నదమ్ములు. ఇద్దరూ ఒకే మోడలు బండ్లు కొని, ఒకే తీరున మార్చుకున్నారు. నీళ్ళ ట్యాంకు బరువు ఓర్చడానికి వెనక కమాన్ కట్టలకి అదనపు పట్టీలు వేశారు. ఇంజను గాలి పీల్చే గొట్టాన్ని బానెట్టులోంచి బయటికి లాగి, పైకప్పు దాకా ఎత్తారు. ఆ గొట్టమే ముసల్లం కొంప ముంచింది. పొంగుతున్న వాగు దాటకూడదని పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. కానీ గొట్టం అంత ఎత్తునుండగా ఇంజనులోకి నీళ్ళెలా పోతాయని ముసల్లం ధీమా. ఇంజనులోకి నిజంగానే చుక్క నీరు పోలేదు. బండి బండే కొట్టుకుపోయింది.

ఈ మలుపు గట్టు మీద నిలబడి సువైలిం అదంతా చూశాడు. రెండు రోజుల తర్వాత దిగువన ఖర్జూర తోటలో శవం దొరికింది. చూపించే స్థితిలో లేదు. గుడ్డ కప్పి తెచ్చారు, పొద్దు వాలకముందే మగవాళ్ళు వెళ్ళి పూడ్చిపెట్టి వచ్చారు. తల్లి షంసాకి ముఖం చూపించలేదు.

చిక్కు అక్కడే వచ్చింది. ఆ వైపు ఒక నమ్మకముంది. అకాలంగా పోయినవాళ్ళందరూ పోయినట్టు కాదు. మంత్రగాళ్ళు మనిషిని ఎత్తుకుపోయి, ఆ చోట ఖర్జూరపు మొద్దుని పెట్టి, చూసేవాళ్ళ కళ్ళకి గంతలు కడతారు. జనం మొద్దుని పూడ్చి ఏడ్చుకుంటారు. అసలు మనిషి ఎక్కడో గుహలో మంత్రగాళ్ళ మేకలు కాస్తూ ఉంటాడు. అలాంటివాణ్ణి మాయమైనవాడు అంటారు. మాయమైనవాడి పేరు ఇంట్లో పలకరు. పలికితే ఇక తిరిగి రాడని భయం.

నలభై రోజులు గడిచాక షంసా ఒకే మాట అంది. "మా ఇంట్లో ఒకణ్ణి మాయం చేశారు. వాడు వచ్చేదాకా ఆ బండిని ఎవరూ ముట్టుకోవద్దు."

ఎవరని ఎవరూ అడగలేదు. అడగాల్సిన పనేముంది?

సువైలిం తల్లి మాటకి అవుననలేదు, కాదనలేదు. ఇసకల్లోని ఒంటెలకి నీళ్ళు మోసేవాడు, పెట్టింది తినేవాడు, పడుకునేవాడు. అన్న పోయిన నాడు కంట తడి పెట్టలేదు, ఆ తర్వాతా పెట్టలేదు. గుండె రాయి చేసుకున్నాడని ఊరు మెచ్చుకుంది. అతను చేసుకున్నదేం లేదు. లోపల ఏమీ లేదు, అంతే.

ఈ ఎండాకాలం అతని బండి ముందు చక్రం హబ్బు పోయింది. చక్రం మధ్యలో ఉండే ఆ హబ్బుని చేత్తో తిప్పి బిగిస్తేనే ఇంజను బలం ముందు చక్రాలకి అందుతుంది. అది లేని బండి రోడ్డు మీద గుర్రమే, ఇసకలోకి దిగితే చతికిలపడుతుంది.

"చేతులెత్తేశానబ్బాయ్," అన్నాడు షెడ్డులో దాద్ కరీం మేస్త్రీ. ముసలి బలూచీవాడు, ఆ వైపు పాత బండ్లన్నింటికీ వైద్యుడు. "లోపల పళ్ళన్నీ అరిగిపోయినై. ఇంక దీన్ని నీ మేకకి మెళ్ళో కట్టుకో."

"మొన్న కొత్తది వేశావు కదా మామా?"

"కొత్తదా నా మొహమా! నకిలీ సరుకు. రెండో దిబ్బకే పొడైపోయింది. మస్కట్‌లో అడిగా. దుబాయ్‌లో మా బావమరిది చేత అడిగించా. ఆ బండి ఇంకా నడుస్తోందా అని వాళ్ళే ఎదురడిగారు."

సువైలిం తలూపాడు.

"ఒంటెలకి నీళ్ళున్నాయా?"

"నిన్నటితో అయిపోయాయి."

ఎవరివో ఒంటెల గురించి చెప్పినట్టు చెప్పాడు. మేస్త్రీ అతని ముఖంలోకి కాసేపు చూసి, గొంతు తగ్గించాడు.

"ఒక చోట ఉంది. నాకూ తెలుసు, నీకూ తెలుసు. నేను మాత్రం రాను. పెళ్ళాం పిల్లలున్నవాణ్ణి."

మధ్యాహ్నం షంసా ఎండు సొరచేప వేసి వండిన అన్నం పెట్టింది. సువైలిం తింటూ అన్నాడు.

"అమ్మా, అన్న బండికి హబ్బులు బాగున్నాయి. ఒకటి తెచ్చుకుంటే..."

"వద్దు."

"ఒంటెలు చస్తాయి."

"వద్దన్నాను కదరా. రావలసినవాడు ఇంకా రాలేదు." ఆమె గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

తల్లి ఆశ కాదంటే ఆమె ఏమైపోతుందో, ఆమె మాట వింటే ఒంటెలు ఏమైపోతాయో. దిగులుపడాల్సిన సంగతే. సువైలింకి దిగులు రాలేదు. ఆమెకి తెలియకుండా తెచ్చేస్తే సరి అనుకున్నాడు. బండిని రోడ్డు పక్కన వదిలి నడిచిపోయి, రాత్రికి ఇసకల్లో ఒంటెల దగ్గరే పడుకుంటానని చెప్పి బయల్దేరాడు.

బండిని దూరంగా ఆపేశాడు. పానా, నూనె డబ్బా, గుడ్డలో చుట్టిన సుత్తి తీసుకుని వాగులో నడిచాడు. చంద్రుడు లేడు. గాలి కూడా లేదు. జమ్మి చెట్లు చీకట్లో ఇంకో చీకటి ముద్దలా కనిపించాయి.

బండి దగ్గరికొచ్చాక "బిస్మిల్లా" అన్నాడు, అలవాటు కొద్దీ. లైటు వెయ్యలేదు. ఇలాంటి హబ్బుని కళ్ళు మూసుకుని విప్పగలడు. ఎత్తుగా లేచిన ముందు చక్రాన్ని తడిమి, ఇసక తుడిచి, నట్ల మీద నూనె పోశాడు. కాసేపు నాననిచ్చి, పానా తగిలించి బరువంతా వేశాడు. మొదటి నట్టు కిర్రుమని కదిలింది. ఒకదాని తర్వాత ఒకటి అన్నీ వచ్చేశాయి.

ఇక నట్ల కింద కోనులా ఉండే వాషర్లు రావాలి. అవి ఏళ్ళ తరబడి పట్టేసి ఉంటాయి. చుట్టూ సుత్తితో చిన్నగా కొడితే తప్ప ఎగిరి రావు. సుత్తికి చుట్టిన గుడ్డ సరిచేసుకుని చెయ్యెత్తాడు...

ఠక్.

అతను ఇంకా కొట్టలేదు.

చెయ్యి పైనే ఆగిపోయింది. చప్పుడు బండి వెనక నుంచి వచ్చింది — ఇనుము మీద రాయి చప్పుడు.

ఠక్... ఠక్.

భయపడాలని అతనికి తెలుసు. ఒళ్ళు జలదరించాలి, కాళ్ళు వణకాలి. ఏదీ జరగలేదు. ఎత్తిన చేతిని నెమ్మదిగా దించి విన్నాడు. అప్పుడు వాసన తగిలింది. సాంబ్రాణి. శవాన్ని కడిగిన రోజు ఇంట్లో వేసిన సాంబ్రాణి లాంటిదే.

బండి పక్క నుంచి వంగి చూశాడు. వెనక, నేలకి జానెడెత్తున — ఎర్రటి కన్ను. మసకబారుతోంది... మళ్ళీ రాజుకుంటోంది.

అన్నే అయితే? అమ్మ చెప్పినట్టు నిజంగానే మాయమై, రాత్రిళ్ళు వచ్చి తన బండి తను బాగుచేసుకుంటుంటే? ఇన్నాళ్ళూ అమ్మది పిచ్చి ఆశ అనుకున్నాడు. పిలిచి చూద్దామా అనుకుని నోరు తెరిచాడు.

ఈలోగా అటువైపు నుంచే పిలుపు వచ్చింది. గుసగుసగా, సాగదీసి...

"సువైలిం..."

ముసల్లం కాదు. తన పేరు.

"ఓ సువైలిం... షంసా కొడుకా... ఇంటికి రారా..."

రాత్రిపూట పేరు పెట్టి పిలిస్తే పలకకూడదు. పలికినవాణ్ణి పిలిచినది పట్టుకుపోతుంది. అది తెలిసి కూడా సువైలిం లేచాడు. పట్టుకుపోతే పోనీ, ఇక్కడ మాత్రం ఉన్నదేముంది అనుకున్నాడు. బండి చుట్టూ తిరిగి వెనక్కి నడిచాడు.

నల్లటి ఆకారం నేల మీద కూర్చుని ఉంది. ఎదుట నిప్పు. ఆకారం తలెత్తింది. ముఖం ఉండాల్సిన చోట ముఖం లేదు... నల్లగా మెరుస్తూ ఒక ముక్కు, దానికటూ ఇటూ రెండు చీలికలు. చీలికల్లో కళ్ళు.

ఆ వైపు ఆడవాళ్ళు ముఖానికి కట్టుకునే ఆ ముసుగుని పుట్టినప్పటి నుంచీ రోజూ చూస్తున్నాడు. అయినా గుర్తు పట్టడానికి కాసేపు పట్టింది.

"అమ్మా?"

షంసా చేతిలో రాయి జారిపోయింది. "ఇసకల్లో పడుకుంటానన్నావు కదరా!"

"నువ్విక్కడేం చేస్తున్నావు?"

అప్పుడే వచ్చి కూర్చున్న ఆమె సాంబ్రాణి వేసిన నిప్పుల మూకుడుని పక్కకి జరిపింది. ఆ మలుపు దెయ్యమంతా అదే. ఎర్రటి కన్ను ఆ మూకుడు, చప్పుడు ఆ రాయి. అతను ఇసకల్లో పడుకున్న రాత్రల్లా ఆమె ఇక్కడికి నడిచి వస్తోంది. ముసుగు వేసుకున్న ముసలామె చీకట్లో ఇనుము కొడుతుంటే ఊరు హడలిపోక ఏం చేస్తుంది?

"పిలుస్తున్నాను," అంది.

"అన్న పోయాడమ్మా." మొదటిసారి పైకి అన్నాడు. "వాణ్ణి మేమే పూడ్చాం. మొద్దు కాదది."

"నాకు తెలీదంట్రా?" అంది షంసా. "గుడ్డ అంచున వాడి పాదం కనపడింది. కడుపున మోసినదాన్ని, నాకు ముఖం చూపించాలా? వాడు పోయాడనే ఆనాడే ఏడ్చుకున్నాను."

"మరి ఒకణ్ణి మాయం చేశారని..."

"ముసల్లం అని నేనెప్పుడైనా అన్నానా? మీరంతా అనుకున్నారు. పేరు చెబితే రాడని నేను నోరు మూసుకున్నాను."

సువైలిం నిలబడే ఉన్నాడు.

"ఆ రోజు ఈ గట్టు మీద ఇద్దర్ని పోగొట్టుకున్నాను. ఒకణ్ణి వాగు తీసుకుపోయింది. రెండోవాణ్ణి ఎవరు తీసుకుపోయారో తెలీదు. ఇంటికొచ్చింది మాత్రం వాడు కాదు. కూరలో ఉప్పు మర్చిపోయినా తింటాడు. ముల్లు గుచ్చుకుంటే చూసుకోడు. ఒంటెపిల్ల చచ్చినా కళ్ళార్పడు. ఎన్నాళ్ళని ఒక మొద్దుకి అన్నం పెట్టను?" ఆమె మూకుడులో నిప్పుల్ని ఊదింది. "ఎక్కణ్ణుంచి తీసుకుపోయారో అక్కడికే వచ్చి పిలవాలంటారు. అందుకే ఈ బండి కదలొద్దన్నాను. నేను పిలిచేది నిన్నురా."

అతనికి అంతా అర్థమైంది. అర్థం కావడమే జరిగింది, ఇంకేమీ జరగలేదు. ఏం చెప్పాలో తెలియక తెలిసిన పని వైపు తిరిగాడు.

"హబ్బు సగం విప్పాను."

షంసా మోకాళ్ళు పట్టుకుని లేచింది. "తీసుకో. ముసల్లం ఉంటే వాడే విప్పిచ్చేవాడు. ఒంటెల ఉసురు మనకెందుకు?"

మూకుడు ఎత్తి పట్టుకుని ముందు చక్రం దగ్గరికి వచ్చింది. ఆ కాస్త వెలుగులో సువైలిం మళ్ళీ సుత్తి తీసుకున్నాడు. ఇక దాచేదేముందని గుడ్డ తీసేశాడు. ఒక దెబ్బ వేశాడు, రెండో దెబ్బ వేశాడు. ఒక వాషరు ఎగిరొచ్చింది. మూడో దెబ్బ తప్పింది. సుత్తి నేరుగా అతని బొటనవేలి మీద పడింది.

"అమ్మా!"

అరుపు వాగు ఆ గట్టుకీ ఈ గట్టుకీ తగిలింది. సువైలిం వేలు రెండో చేత్తో గట్టిగా పట్టుకుని ఇసకలో కూలబడ్డాడు. నొప్పి... అబ్బ, ఎంత నొప్పి! గోరు కింద మొదలై మోచేతికెక్కి, అక్కణ్ణుంచి ఎక్కడెక్కడికో పోయింది. "అమ్మా... అమ్మా, అన్న..." అన్నాడు. చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.

ఆ ఏడుపు ఊరి చివరి ఇళ్ళ దాకా వినిపించిందట. తలుపులు గడియ పెట్టుకున్నారట. కుక్కలు కూడా మొరగలేదని చెబుతారు.

షంసా మూకుడు కింద పెట్టి అతని పక్కన కూర్చుంది. ముసుగు పైకి తీసి, నలిగిన వేలుని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"వచ్చావా," అంది. "వచ్చావా నాయనా."