జయశీలి దాటేసిన పేజీలు

జయశీలి బడి సంచీని గోడకున్న మేకుకు తగిలించిందో లేదో, లోపలి గదిలోంచి అవ్వ పిలిచింది.

"వచ్చినావా జయా? కాళ్ళు కడుక్కోని రా మే. యోసేపు కత సదువుదువుగానీ."

జయశీలి మూతి ముడుచుకుంది. ఆ పిల్ల తొందర ఆ పిల్లది. ఆదివారం చర్చిలో వాక్యం వెతికే పోటీ ఉంది. శకుంతలమ్మ టీచర్ ఒక అధ్యాయం, ఒక వచనం చెప్పి 'వెతకండి' అంటారు. పిల్లలంతా చంకలోని బైబిలు తీసి గబగబా పేజీలు తిప్పాలి. ముందు కనుక్కున్నవాళ్ళు లేచి నిలబడి చదవాలి. గెలిచినవాళ్ళకు జిప్పున్న కొత్త బైబిలు ఇస్తారు. వేళ్ళ వేగంలో జయశీలిని మించినవాళ్ళు ఆ చర్చిలో లేరు. జిప్పు బైబిలు తనదేనని ఆమె ఎప్పుడో ఖాయం చేసుకుంది. ఇక మిగిలింది సాధన చేయడమే. ఈ అవ్వ చూస్తే రోజూ సాయంత్రం పట్టుకుని కూర్చోబెడుతోంది.

అవ్వ పేరు గురవమ్మ. చిత్తూరులో ఆ వీధి మొత్తానికి ఆమె అంటే గౌరవం. చిన్నప్పుడు బడి మొహం చూసింది కాదు. పిల్లల తల్లి అయ్యాక, వేరుశనక్కాయలు వొలిచే పని ముగించుకుని వచ్చి, చర్చివాళ్ళ రాత్రిబడిలో అక్షరాలు దిద్దింది. ఈ ఒక్క పుస్తకం తన కళ్ళతో తాను చదవాలని ఆమె పట్టుదల. అప్పటినుంచి పొయ్యి వెలిగించకముందే వరుస కింద వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివేది. అర్థం కాకపోతే మళ్ళీ మొదటికి వచ్చేది. వీధిలో ఎవరికి కష్టమొచ్చినా ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆమె నీతులు చెప్పేది కాదు. చదివినదాంట్లోంచి ఒక కథ చెప్పేది. వచ్చినవాళ్ళు తేటపడిన ముఖాలతో వెళ్ళేవాళ్ళు.

అలాంటి అవ్వ కళ్ళకు శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ చేసి కట్టు కట్టి ఇంటికి పంపారు. కట్టు విప్పేదాకా తల అటూ ఇటూ కదపకూడదు, ఏడవకూడదు అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

జయశీలి చాప మీద కూర్చుని బైబిలు తెరిచింది. నిన్నటి కథలో యోసేపును అన్నలు అమ్మేశారు. ఈ రోజు అతన్ని ఐగుప్తు దేశానికి తీసుకుపోయారు, చేయని తప్పుకు చెరసాలలో వేశారు. ఆ తర్వాత ఇంకా బోలెడంత ఉంది. జయశీలి అవ్వవైపు చూసింది. కళ్ళకు కట్టుంది కదా, ఎవరు చూడొచ్చారు? నాలుగైదు పేజీలు కలిపి తిప్పేసి, రాజుకు కల వచ్చిన చోటికి వెళ్ళిపోయింది. రైలుబండిలా చదివి, ఆ కలకు అర్థం చెప్పిన యోసేపును మంత్రిని చేసేసి, పుస్తకం మూసింది. డాక్టరమ్మ కట్టింది కళ్ళకే గానీ చెవులకు కాదన్న సంగతి ఆ తెలివిగల పిల్లకు తట్టలేదు.

లేచి వెళ్ళబోతుంటే అవ్వ చేయి తడుముకుంటూ వచ్చి ఆమె పావడా అంచు పట్టుకుంది.

"యోసేపును చెరసాలలో ఏసినారు గదా. ఆయప్ప ఆడ ఎట్లుండినాడో, అది సదవలేదే?"

జయశీలి తలుపు వైపు చూసింది. "ఆడ ఏమీ లేదవ్వా. అంతా అవీ ఇవీ," అంది.

అవ్వ కోప్పడలేదు.

"నాకు అదే కావల్ల మే. పొద్దన్నుంచి దానికోసరమే కాసుకోనుండాను. శనివారం కట్టు ఇప్పుతారు. సూపు వస్తాదో రాదో. ఈ సీకట్లో పండుకోనుంటే దేవుడు నన్ను మరిచిపోయినాడేమో అనిపిస్తాండాది."

వీధిలో అందరికీ ధైర్యం చెప్పే అవ్వ భయపడుతోంది. ఏడవడానికి కూడా లేకుండా పెదవులు బిగబట్టుకుని ఉంది. జయశీలికి సిగ్గుతో ముఖం వేడెక్కింది. మళ్ళీ చాప మీద కూర్చుంది. దాటేసిన పేజీలు వెనక్కి తిప్పి, అవ్వలాగే వరుస కింద వేలు పెట్టింది.

ఈసారి నిదానంగా చదివింది. యోసేపు చెరసాలలో ఉన్నాడు. తోటి ఖైదీకి మేలు చేశాడు. బయటపడగానే నా సంగతి రాజుకు చెప్పమని బతిమాలాడు. ఆ మనిషి బయటికి వెళ్ళాడు, మరిచిపోయాడు.

"మరిచిపోయినాడా?" జయశీలి ఆగిపోయింది. ఆమెకు నిజంగానే కోపం వచ్చింది.

"మనిషి మరిచిపోయినాడు," అంది అవ్వ. "దేవుడో? పైన సదివినావే, ఇంగోసారి సూడు."

జయశీలి వెనక్కి వెళ్ళి చూసింది. చెరసాలలో కూడా దేవుడు యోసేపును విడిచిపెట్టలేదని ఉంది. ఒకసారి కాదు, మళ్ళీ ఉంది. అదే గట్టిగా చదివి వినిపించింది.

"సూసినావా," అంది అవ్వ మెల్లగా. "తలుపు తెరిసింది ఎనక. దేవుడు ముందే ఆడ ఉండినాడు."

పావడా అంచు పట్టుకున్న అవ్వ వేళ్ళు వదులయ్యాయి. ఆమె ముఖం తేటపడింది. పోటీ కోసం ఈ పేజీలను ఎన్నిసార్లు తిప్పిందో జయశీలికే లెక్క తెలియదు. వాటిలో ఇంత ఉందని మాత్రం తెలియదు. అవ్వ ఇన్నేళ్ళుగా వేలు పెట్టి ఏం వెతుక్కుంటోందో ఇప్పుడు తెలిసింది. ఆ ముడతల వేలిని తీసుకుని ముద్దు పెట్టుకుంది.

శనివారం నాయన మునెయ్య అవ్వను రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. కట్టు విప్పగానే అవ్వకు ముందు వెలుతురు, ఆ తర్వాత మసకమసకగా కొడుకు ముఖం కనిపించాయి. కళ్ళద్దాలు వచ్చేదాకా మాత్రం చదవకూడదన్నారు.

ఆదివారం పోటీలో చివరికి జయశీలి, ఏసురత్నం అనే పిల్లవాడు మిగిలారు. శకుంతలమ్మ టీచర్ రూతు గ్రంథంలో ఒక వచనం చెప్పి "వెతకండి" అన్నారు. జయశీలి వేలు టక్కున ఆ వచనం మీద పడింది. ఎవరో ఒకామె పరాయి పొలంలో రాలిన వెన్నులు ఏరుకుంటోంది. ఎవరీమె? సొంతూరు వదిలి ఎందుకొచ్చింది? జయశీలి ఒక పేజీ వెనక్కి తిప్పింది.

చప్పట్లు వినిపించి తలెత్తేసరికి ఏసురత్నం చదివి కూర్చున్నాడు.

"నీకు దొరకలేదా జయా?" అన్నారు టీచర్ ఆశ్చర్యంగా.

"దొరికింది టీచర్. అంతకు ముందు ఏమి జరిగిందో సూస్తాండా."

టీచర్ దగ్గరికొచ్చి ఆమె తల నిమిరారు. జిప్పు బైబిలు ఏసురత్నం చేతికి వెళ్ళిపోతుంటే జయశీలికి బాధ కలగలేదంటే అబద్ధం. కానీ వెన్నులు ఏరుకునే ఆ రూతు ఎవరో ఇంకా తేలలేదు.

అట్ట ఊడిన అవ్వ బైబిలు చంకలో పెట్టుకుని ఇంటికి పరుగెత్తింది.

"గెలిచినావా మే?" అంది అవ్వ.

"లేదవ్వా," అని జయశీలి చాప పరిచింది. "ఈ పొద్దు రూతు కత సదువుతా, మొదట్నుంచి."

వేలు మొదటి మాట కింద పెట్టింది.