వస్తా మరి

పదమూడో నంబరు కింది మంచం తనదని నర్సు అంది. కాదు, తనదని లిఫ్టు మెకానిక్ అన్నాడు. ఇద్దరి దగ్గరా రసీదులున్నాయి, రెండు రసీదుల మీదా పదమూడే ఉంది.

"లేవండి."

"ఇప్పుడే కదండీ దుప్పటి పరిచాను!"

"పరిచింది మడతపెట్టొచ్చు. నా మోకాలు చూశారా, బత్తాయికాయలా వాచింది. పొద్దున్నుంచీ కొండ దిగుతూనే ఉన్నా."

కొండదారిలో నడిచేవాళ్ళు రాత్రికి దిగే ఆ హాస్టల్ వార్డెన్ కళ్ళజోడు పైకెత్తి రెండు రసీదులూ చూసింది. "ఒకరు కింద, ఒకరు పైన. పదమూడు పదమూడే," అని తీర్పు చెప్పేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"సరేలెండి, పైకెక్కడం నాకు అలవాటే," అంటూ అతను దుప్పటి చుట్టాడు. "లిఫ్టులు బాగుచేస్తుంటాను."

"అలాగా! మరి ఈ హాస్టల్ లిఫ్టు కదలదేం?"

"సెలవులో ఉన్నానండీ."

సెలవు మనిషికి గానీ చేతులకి కాదుగా! మర్నాడు పొద్దున్న ఆమె లేచేసరికే అతను లిఫ్టు డబ్బా విప్పి కూర్చున్నాడు. టిఫిన్ టైముకి లిఫ్టు కదిలింది. మూడేళ్ళుగా మెట్లెక్కి అలిసిపోయిన వార్డెన్ అతని ప్లేట్లో ఇంకో గుడ్డు వేసి, "ఇక నువ్వేమడిగినా కాదనను బాబూ," అంది.

నర్సుకి ఇరవై రోజుల నడకలో చివరి నాలుగు రోజులే మిగిలాయి. అయిదో రోజు విమానం. సముద్రం అవతల ఒక పెద్దాసుపత్రి, రెండేళ్ళ కాంట్రాక్టు. వెళ్ళేలోపు వీపున బ్యాగు వేసుకుని ఒంటరిగా తిరగాలని ఆమెకి ఎప్పట్నుంచో కోరిక. అందుకే, అతను కూడా అదే దారిలో నడుస్తున్నాడని తెలిసిన వెంటనే షరతు పెట్టేసింది.

"ఫోన్ నంబర్లు వద్దు. అన్నీ వదిలించుకుని పోతూ కొత్తగా తగిలించుకోవడం ఎందుకు?"

"నేను అడిగానా?"

"ముందే చెప్తే మంచిదని."

"అడక్కముందే కాదనిపించుకోవడం ఇదే మొదటిసారండీ!"

రెండో రోజు అతని మడమకి బొబ్బ లేచింది. రాయి మీద కూర్చోబెట్టి ఆమె కట్టు కట్టింది.

"నొప్పా?"

"అబ్బే!"

"మరి ఆ పళ్ళు కొరకడం దేనికో?"

మూడో రోజు వాన. మామూలు వాన కాదు, కుండపోత. ఇద్దరూ పరిగెత్తి ఒక రేకుల షెడ్డు కిందకి చేరారు. ఒకరితో ఒకరు మాట్లాడాలంటే అరవాల్సిందే. కాబట్టి దగ్గరగా నిలబడ్డారు. కారణం అదేనని ఇద్దరూ అనుకున్నారు.

"లిఫ్టు మధ్యలో ఆగిపోయి, లోపల మనిషి ఇరుక్కుంటే ముందు ఏం చేస్తారు?" అని ఆమె అడిగింది.

"ముందు మాట. తలుపు తర్వాత. 'నేనున్నా, వస్తున్నా' అని లోపలికి వినబడేలా చెప్పాలి. అది వింటే సగం భయం పోతుంది. చెప్పాక మాత్రం వెళ్ళి తీరాలి. మా పనిలో అదొక్కటే ఒట్టు."

ఆమెకి ఏమీ అనిపించలేదు. అనిపించలేదనే అనుకుంది. వాన తగ్గాక కూడా ఇంకో పావుగంట ఎందుకు నిలబడిందో మాత్రం చెప్పలేకపోయింది.

దారి కొండ చుట్టూ తిరిగి ఆ రాత్రికి ఇద్దర్నీ మళ్ళీ అదే హాస్టల్‌కి చేర్చింది. నాలుగో రోజు పొద్దున్న ఏడున్నరకి విమానాశ్రయం ఉన్న ఊరికి బస్సు. ఆమె బ్యాగు అతనే మోసుకొచ్చాడు. బస్టాండులో టైముల బోర్డు వంక చూస్తూ, అతనికి కాదు, ఆ బోర్డుకే చెప్తున్నట్టు అంది ఆమె:

"ఆరు గంటల ప్రయాణం. పక్క సీటు ఖాళీయే."

అతను వాచీ చూసుకున్నాడు. ఏడూ పది.

"వస్తా మరి," అని చటుక్కున వెనక్కి తిరిగి, కుంటుకుంటూనే గబగబా వెళ్ళిపోయాడు.

అంతే! వస్తా మరి. గుమ్మం దిగేటప్పుడు మనవాళ్ళందరూ అనే మాటే. వెళ్తానంటే బాగుండదని వస్తానంటారు. అని, వెళ్ళిపోతారు.

మంచిదే అయింది, అనుకుంది బస్సెక్కి. కిటికీ తెరిచి మళ్ళీ అనుకుంది. మూడోసారి అనుకునేలోపు కళ్ళు నిండాయి. నంబర్లు వద్దన్నది తనే, ఇప్పుడు ఎవర్ని తిట్టుకోవాలి? చేతిసంచి పట్టుకుని ఎక్కిన ఒక మామ్మగారు, "ఇక్కడెవరైనా వస్తారా అమ్మా?" అని అడిగితే, "ఎవరూ రారండీ, కూర్చోండి," అంది. బస్సు టైముకే కదిలింది.

అరగంటకి టీ కొట్టు దగ్గర ఆగింది. అప్పుడే అక్క ఫోను.

"అన్నీ సర్దుకున్నావా? ఏమీ మర్చిపోలేదుగా?"

"లేదక్కా."

"గొంతేంటి అలా ఉంది?"

"జలుబు."

"నా దగ్గరా నీ జలుబులు! ఎవరే అతను?"

ఆమెకి ఇక దాచే ఓపిక లేదు. "లిఫ్టులు బాగుచేస్తాడక్కా. నాకు చాలా నచ్చాడు. వెళ్ళిపోయాడు."

"నంబరు?"

"తీసుకోలేదు."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

సరిగ్గా అప్పుడు బస్సు పక్కన ఒక స్కూటరు కీచుమంటూ ఆగింది. నడుపుతున్నది హెల్మెట్ పెట్టుకున్న వార్డెన్. వెనక అతను, అతని వెనక కొండంత బ్యాగు. దిగీదిగగానే బస్సులోకి ఎక్కి, ఆయాసపడుతూ ఆమె ముందు నిలబడ్డాడు.

"వస్తానని చెప్పానుగా! బ్యాగు తెచ్చుకునేలోపు ఎలా వెళ్ళిపోతారండీ?"

"వస్తానంటే వెళ్తానని అనుకున్నా!"

"ఏ భాషలో?"

"మన భాషలోనే!"

"అమ్మాయి అన్నదే రైటు బాబూ," అంది మామ్మగారు. "మా ఇంట్లో వస్తానన్న వాళ్ళందరూ వెళ్ళినవాళ్ళే." అని చేతిసంచి తీసుకుని వెనక సీటుకి మారిపోయింది.

"మా పనిలో మాత్రం," అన్నాడతను సీట్లో కూలబడుతూ, "వస్తానంటే వస్తాననే అర్థం."

"నంబరు చెప్పు," అంది ఆమె. 'మీరు' కాస్తా 'నువ్వు' అయిన సంగతి ఇద్దరూ గమనించారు, ఎవరూ సరిదిద్దలేదు.

"షరతు?"

"పెట్టింది నేనే, తీసేసేదీ నేనే. చెప్పు!"

"గట్టిగా చెప్పమనవే!" అని ఫోన్లోంచి అక్క అరిచింది. ఇందాకటి ఫోను పెట్టెయ్యడం చెల్లెలు మర్చిపోయింది. "నేనూ రాసుకుంటా. రెండేళ్ళు అతని మీద కన్నేసి ఉంచేది నేనేగా!"

అతను ఒక్కో అంకె విడివిడిగా, రెండుసార్లు చెప్పాడు.

మర్నాడు విమానాశ్రయం అద్దాల తలుపు దగ్గర టికెట్టు లేనివాళ్ళని ఆపేశారు. అతను అక్కడే ఆగాడు. రెండేళ్ళు తక్కువేమీ కాదని ఇద్దరికీ తెలుసు. ఆమె బ్యాగు వీపుకి సర్దుకుని నాలుగడుగులు వేసింది.

"వస్తా," అంది వెనక్కి చూసి.

అతని మొహం పాలిపోయింది. "ఏ వస్తా?"

ఆమె వేసిన నాలుగడుగులూ వెనక్కి నడిచొచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"లిఫ్టు వాళ్ళ వస్తా," అని చెప్పి, అప్పుడు లోపలికి వెళ్ళింది.