కళ్ళపూచీ

పొద్దున్నే రేవులో బల్లకట్టు ఆగిపోయింది. గాలి లేదు, వాన లేదు, వైనతేయ పాయలో నీళ్ళు నిమ్మళంగా ఉన్నాయి. అయినా గేటు మీది దీపం ఎర్రగానే వెలుగుతోంది. ఎక్కి కూర్చున్నవాళ్ళు గండం ఎంతుందో చెప్పే మణికట్టు మీది గండసూచి చూసుకున్నారు, సంఖ్య పెరిగిందని గ్రహించారు, దిగిపోయారు. విసుక్కున్నవాడు లేడు. పడవలన్నిటినీ కనిపెట్టి ఉండే యంత్రబుద్ధి, ముందెరుక, వద్దన్నదంటే వద్దనే. పడవ పొట్టలో ఏ మేకు వదులైందో, ఎగువన ఏ సుడి పుడుతోందో దానికి తెలుస్తుంది. తక్కినవాళ్ళు తెలుసుకుని చేసేదేముంది?

ఇదంతా చూస్తూ నూకరత్నం రేవు చివరి మెట్టు మీద నిలబడింది. ఆమె వెనక తాడు కట్టి ఉన్న కొయ్య లాంచీ పేరు సీతాలు. ఆ పేరు ఆమె మేనత్తది. ఆ లాంచీని ముప్పయ్యేళ్ళు నడిపిన సరంగు కూడా ఆవిడే. మేనత్త పోయాక అది బురదలో కూరుకుపోయి, లోపల తుంగ మొలిచింది. నూకరత్నం, ఆమె మొగుడు సత్తిరాజు దాన్ని లాగి, కుళ్ళిన పలకలు తీసి కొత్త టేకు వేసి, సందుల్లో నూలు కూరి, గుగ్గిలం కాచి పూసి, ఏళ్ళ తరబడి బాగుచేసుకున్నారు. ఇంజను మాత్రం పాతదే. అది దగ్గితే సత్తిరాజు దాన్ని బతిమాలుకుంటాడు.

అంతా బాగుంది, నీళ్ళ మీదికి వదలడానికే వీల్లేదు. దానికి అభయం లేదు.

పూర్వం బీమా అనేవారు దాన్నే. పడవ మునిగాక నష్టం కట్టివ్వడం పాతకాలపు పద్ధతి; మునగకముందే ఆపేయడం ముందెరుక పద్ధతి. అచ్చులో పోసి తీసే ఈనాటి పడవల ఒంటినిండా వెంట్రుకంత నాడీతంతువులుంటాయి. పడవకు ఎక్కడ నొప్పి పుట్టినా అవి ఆ క్షణమే ముందెరుకకు చెబుతాయి. అది లెక్క వేసి అభయం ఇస్తుంది, లేదా వెనక్కి తీసుకుంటుంది. దాన్ని ఆడిపోసుకోవడం న్యాయం కాదు. అది వచ్చిన తర్వాత ఆ నది మీద మునిగి పోయినవాళ్ళు లేరు, వరద రోజుల్లో ఒడ్డున గుండెలు బాదుకున్న తల్లీ లేదు. అయితే తంతువుల్లేని పడవ దాని లెక్కలో లేనే లేదు. అభయం లేని పడవ ఎంత మంచిదైనా పడవల్ని ముక్కలు చేసే విరుపుదిబ్బకే పోవాలి.

నూకరత్నం తిరగని కార్యాలయం లేదు. ఒకచోట పడవ పుట్టిన అచ్చు ఏదని అడిగారు. అచ్చు లేదు, వడ్రంగి చేశాడంటే ఆ వడ్రంగి ఏ అచ్చు వాడాడని అడిగారు. ఇంకోచోట ఒక పెద్దమనిషి ఎంతో ప్రేమగా, దాన్ని ఏ హోటలు పెరట్లోనో బల్లగా పెట్టుకుంటే అభయం ఇప్పిస్తానన్నాడు.

"బల్లంట బావా! మా అత్త మీద ఇడ్లీలు పెట్టుకు తింటారంట," అని ఆమె ఆ సాయంత్రం సత్తిరాజు దగ్గర ఏడ్చినంత పని చేసింది.

చివరికి దారి చూపించినవాడు రేవు అభయాధికారి కామేశం. నెమ్మదస్తుడు, మాట తూచి మాట్లాడతాడు. ముందెరుక పుట్టిన తొలి రోజుల్లో, తంతువుల పడవలు ఇంకా తక్కువగా ఉన్నప్పుడు పెట్టిన పాత నిబంధన ఒకటి రద్దు కాకుండా మిగిలిపోయిందని ఆయన చెప్పాడు. దాని పేరు కళ్ళపూచీ.

"తంతువులు లేని పడవకు మనుషుల కళ్ళే తంతువులమ్మా," అన్నాడు. "ప్రతి రేవులోనూ ఒక మనిషి నిలబడి, పడవ సవ్యంగా పోయిందని సాక్షిశంఖంలో చెప్పాలి, అది ఆ మాట ముందెరుకకు చేరవేస్తుంది. అమావాస్య నుంచి పున్నమి దాకా రోజూ ఇలా జరిగితే శాశ్వత అభయం వస్తుంది. కానీ మీ పడవ పెద్ద పాయలోకి రాకూడదు. తంతువుల పడవలకు మీరు కనిపించరు, గుద్దేస్తాయి. లంకల వెంట చిన్నపాయలో పోవాలి."

"లంకల్లోకి ఇప్పుడెవరూ పోవట్లేదు కదండీ?"

"అందుకే ఆ దారి ఖాళీగా ఉంది. ఇంకొక్క మాట. పరీక్ష ముగిసేదాకా ఎవర్నీ ఎక్కించుకోకూడదు, గీసిన దారి తప్పకూడదు, ఎక్కడా ఆగకూడదు. ఒక రేవు సాక్ష్యం తప్పితే ముందెరుక క్షమిస్తుంది. ఆగితే క్షమించదు. మళ్ళీ అడిగే అవకాశం కూడా ఇవ్వదు."

సముద్రం పైకి వచ్చాక ముందెరుక ఆ లంకలకు అభయం తీసేసింది. జనం చాలామంది పట్నానికి తరలిపోయారు. పోనివాళ్ళు కొబ్బరి చెట్లనూ గేదెలనూ పట్టుకుని మిగిలిపోయారు. వాళ్ళ మణికట్లకు గండసూచులు లేవు, వాళ్ళ రేవులకు పడవలు రావు. ఆ దారిలో ఏడు రేవులుంటే నూకరత్నం తాటిదోనె వేసుకుని ఏడింటికీ పోయి బతిమాలింది. ఒప్పుకోరేమోనని భయపడింది గానీ వాళ్ళు వింతగా చూశారు.

"చూడాలి, అంతేనా?" అంది చివరి రేవులో ఉండే సుబ్బాయమ్మ. "మా చూపుతో ఎవరికైనా పనుందంటే అదే పదివేలు. ఆయ్, చూత్తాం!"

గవ్వ ఆకారంలో ఉండే సాక్షిశంఖాన్ని రేవు రేవునా గుంజకు బిగించారు. సీతాలు బయలుదేరింది.

తొలి రోజుల్లో జనం ఫోటోకి నిలబడ్డట్టు బిగుసుకుని నిలబడేవారు. తర్వాత పిల్లల్ని ఎత్తుకొచ్చారు. తర్వాత తలదువ్వి, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు. లాంచీ చప్పుడు వినబడేసరికి పొయ్యి మీది కూర దించేసి పరుగెత్తేవాళ్ళు. ఆపి పలకరించే వీల్లేదు గనక మాటలన్నీ కదిలే పడవ మీదికే విసిరేవారు. ఎవరింట్లో దూడ పుట్టిందో, ఎవరికి జ్వరమో నూకరత్నానికి రేవు దాటే ఆ కాస్త సేపట్లోనే తెలిసిపోయేది.

అయిదో రేవులో దానియేలు ఉండేవాడు. యాభై దాటిన మనిషి, ఒంటరివాడు, నోరు పెద్దది. ఎర్ర తువ్వాలు భుజాన వేసుకుని రోజూ ఏదో ఒక వంక పెట్టేవాడు.

"ఏటమ్మోయ్, ఎడం పక్కకి ఒరుగుతంది! మీ ఆయన బరువంతా అటే కూకున్నాడేటి?"

"నీ కళ్ళే ఒరిగాయి దానియేలన్నా, సవ్యంగా చెప్పు శంఖంలో!"

"చెప్తాన్లే. వంకుందని నీతో చెప్తాను, లేదని దాంతో చెప్తాను," అనేవాడు. సత్తిరాజు ఇంజను దగ్గర పగలబడి నవ్వేవాడు. ఒక రోజు దానియేలుకు జ్వరం వచ్చినా, దుప్పటి కప్పుకుని వచ్చి నిలబడి, వణుకుతూనే వంక పెట్టాడు.

పున్నమి రోజు వచ్చింది. మొదటి నాలుగు రేవులూ దాటాయి. ఆ రోజుతో పరీక్ష పూర్తవుతుందని అందరికీ తెలుసు. చేతులూపి కేకలు పెట్టారు. నూకరత్నం వాళ్ళకు చెయ్యి ఊపింది. మలుపు తిరిగాక అయిదో రేవు కనిపించింది. గుంజ ఉంది, శంఖం ఉంది. దానియేలు లేడు. కట్టుగొయ్య దగ్గర గేదెలు పాలు పిండేవాళ్ళు లేక అరుస్తున్నాయి.

"ఏ పనిమీదో పోయుంటాడే," అన్నాడు సత్తిరాజు. "ఒక సాక్ష్యం తప్పితే పరవాలేదన్నారు కదా. పోనియ్యి."

"జొరమొచ్చినప్పుడే మానని మనిషి, ఇయ్యాల మానతాడా బావా? గేదెలు చూడు, ఎలా అరుస్తన్నాయో."

"రత్నం, ఇంకా రెండు రేవులే. రెండే రెండు. ఆగితే సీతాల్ని విరిచేత్తారే."

ఆమెకు ఆ మాట సూటిగా గుండెల్లో దిగింది. చుక్కాని మీద ఉన్న తన చేతిని చూసుకుంది. ఆ కొయ్యకు మేనత్త అరచేతి రాపిడితో ఏర్పడిన పల్లం ఉంది. పలకలన్నీ మార్చినా దాన్ని మాత్రం మార్చలేదు. మళ్ళీ రేవు వైపు చూసింది. రేవు వెనక్కి పోతోంది.

"మనల్ని చూడ్డానికి వాళ్ళని నిలబెట్టాం. వాళ్ళు లేనప్పుడు మనం చూడకపోతే ఎవరు చూత్తారు?" అంది. ఆ మాట పూర్తయ్యేసరికే చుక్కాని తిప్పేసింది.

సత్తిరాజు ఇంజను ఆపాడు. పడవ ఒడ్డుకు తగలకముందే నీళ్ళలోకి దూకి పరుగెత్తాడు. దానియేలు కొబ్బరిచెట్టు కింద పడి ఉన్నాడు. తెల్లవారుజామున కాయలు దింపడానికి ఎక్కి జారాడు, తొడ ఎముక విరిగింది. పెదవులు ఎండిపోయాయి గానీ నోరు మాత్రం పడిపోలేదు.

"ఎవరాగమన్నారు మిమ్మల్ని? పున్నమి కదరా ఇయ్యాల! బుద్ధుందా?" అన్నాడు, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతుండగా.

సత్తిరాజు అతన్ని వీపున వేసుకుని తెచ్చాడు. ఉరవడికి పడవ కొట్టుకుపోకుండా నూకరత్నం గడకర్రతో ఆపుతోంది. మగవాళ్ళిద్దరూ శంఖం ఉన్న గుంజ దగ్గర కాసేపు నిలిచిపోవడం చూసి ఆమెకు ఒళ్ళు మండింది.

"అక్కడేం చేత్తన్నారు? రండి బేగి!"

చిన్నపాయ వెంట పోతే ఆసుపత్రి చేరేసరికి పొద్దు వాలుతుంది. ఆమె పడవను అడ్డంగా పెద్ద పాయలోకి మళ్ళించింది. ఎదురుగా తంతువుల ఓడ ఒకటి జనంతో వస్తోంది. దాని దృష్టిలో ముందున్నది ఖాళీ నీళ్ళే. నూకరత్నం గొంతు చించుకుని కేకలు పెట్టింది. ఓడలో కిటికీల దగ్గర కునుకు తీస్తున్న వాళ్ళు ఉలిక్కిపడి లేచారు, లోపలి పరిచారకుణ్ణి నాలుగు వైపుల నుంచి అరిచి పిలిచారు. ఓడను చేత్తో ఆపడానికి ఉన్న, ఎన్నాళ్ళుగానో ముట్టని మీటను ఆయన రెండు చేతులా లాగాడు. ఓడ వేగం తగ్గింది. సీతాలు దాని ముక్కు ముందు నుంచే దాటిపోయింది.

కాలు నిలుస్తుందన్నారు డాక్టర్లు.

మర్నాడు నూకరత్నం ఇంజను తాళం చీర చెంగున ముడి వేసుకుని కామేశం దగ్గరకు పోయింది. తనంతట తాను ఇచ్చేస్తే విరుపుదిబ్బకు ఈడ్చుకుపోకుండా కనీసం మర్యాదగా తీసుకుపోతారని ఆమె ఆశ.

"రండమ్మా, శుభం," అన్నాడాయన. "సీతాలుకు శాశ్వత అభయం వచ్చింది."

నూకరత్నానికి అర్థం కాలేదు. "పొరపాటండీ. నేను నిన్న ఆగాను. మనిషిని ఎక్కించుకున్నాను. పెద్ద పాయలోకి కూడా వచ్చాను."

"ముందెరుక అలా అనడం లేదే. ఏడు రేవులూ సవ్యంగా దాటారట."

"లేదండీ బాబూ! ఆరూ ఏడూ రేవులు చూడనే లేదు నేను!"

కామేశం లేచి తలుపు వేసి వచ్చి, శంఖాల్లో దాగిన గొంతులు వినిపించాడు. ఆరో రేవు ముసలాయన పడవ చక్కగా పోయిందన్నాడు. ఏడో రేవు సుబ్బాయమ్మ మరీ వివరంగా చెప్పింది: సీతాలు వచ్చింది, రత్నం నీలం చీర కట్టుకుంది, మా చంటిదానికి చెయ్యి ఊపింది, పోయింది. నూకరత్నం నిన్న కట్టుకున్నది పసుపు చీర.

తర్వాత అయిదో రేవు. ముందు ఆయాసం వినబడింది. ఆ తర్వాత దానియేలు గొంతు: "చూశాను. ఇంత దగ్గరగా ఎన్నడూ చూళ్ళేదు. ఏ వంకా లేదు."

నూకరత్నం చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆగలేదు.

"నా మాట కూడా రాసుకోండి, ఆగానని," అంది చివరికి.

"రాయడానికి వీల్లేదమ్మా. కళ్ళపూచీలో సరంగు మాట చెల్లదు. ఒడ్డున ఉన్నవాళ్ళ మాటే చెల్లుతుంది." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "తంతువులకు అబద్ధం చేతకాదు. అందుకని అబద్ధం అనేది ఒకటుందని ముందెరుకకు ఎవరూ నేర్పలేదు. ఈ నది మీద అన్నిటికంటే తక్కువ గండసూచి ఇప్పుడు మీ పడవదే. నాకైతే ఆ లెక్క తప్పనిపించడం లేదు."

ఇప్పుడు సీతాలు ఎక్కడైనా ఆగవచ్చు. ఆ మధ్యాహ్నమే నూకరత్నం తిన్నగా ఏడో రేవుకు పోయి ఆపింది. సుబ్బాయమ్మ చంటిపిల్లను చంకన వేసుకుని ఎదురొచ్చింది. నిన్న దానియేలు సంగతి గానీ, ఆరో రేవువాళ్ళు ఏం చెప్పారన్నది గానీ ఆమెకు తెలియదు. రెండు రేవుల మధ్య అడ్డంగా మడ అడవి.

"సుబ్బాయమ్మక్కా, నిన్న నేను రాలేదు కదా. వచ్చానని ఎందుకు చెప్పావు?"

సుబ్బాయమ్మ ఆమెను తేరిపార చూసింది.

"పొద్దుగూకేదాకా చూశానమ్మా. నువ్వా, మానేదానివి కాదు. రాలేదంటే ఎవరికో ఏదో అవుసరం పడుంటాదనుకున్నాను. అది తీరాక ఎలాగూ వత్తావని చెప్పేశాను." పిల్లను నూకరత్నం చేతికి అందిస్తూ అంది. "వచ్చావు కదా మరి. ఇంక అబద్ధమేటుంది ఇందులో? రా, అన్నం తిందువు గాని."

నూకరత్నం పిల్లను ఎత్తుకుని ఆమె వెనకాలే గట్టెక్కింది.